నది రంగు

"ఇది మన నదా? పోస్టుకార్డు మీద సముద్రంలా ఉంది," అంటూ గడియారాల షాపు యజమాని ఇసోగాయి డయలును బల్ల మీదికి విసిరాడు.

రంగులు కలిపే మికియో దాన్ని తీసి చొక్కాకి తుడిచాడు. నల్లటి మురుగై చచ్చిపడి ఉన్న నది మళ్ళీ బతికినందుకు కితాక్యూషూ నగరం చేయిస్తున్న చేతిగడియారం అది. సెకన్ల ముల్లు బదులు వెండి చేప తిరుగుతుంది. చేప బాగుంది, అంకెలు బాగున్నాయి. పేచీ అంతా ఆ నీలం రంగు దగ్గరే.

"జనం ఊహించుకునే నది ఇలాగే ఉంటుంది ఇసోగాయి గారూ."

"ఊహించుకోమను. రేపు నగరం వాళ్ళు షాపు వెనక వంతెన మీద నిలబడి, నీళ్ళ పక్కన పెట్టి చూస్తారు. కలవలేదా, పని ఒసాకా వాళ్ళకి పోతుంది, మన తలుపుకి తాళం. నీ వయసుకి ఇంకెవడిస్తాడు ఉద్యోగం?"

"మీకంటే చిన్నవాణ్ణే."

రంగు తొట్ల దగ్గర పనిచేసే తొమోయె కిసుక్కున నవ్వింది. ఇసోగాయి అటు తిరిగాడు.

"నవ్వింది చాలు. పొద్దున వాళ్ళు లోపలికీ వస్తారు. షాపంతా అద్దంలా ఉండాలి."

మికియో కొత్త రంగు కలిపి చూశాడు. బూడిదరంగు తగిలిస్తే మురికిగా వచ్చింది, ఆకుపచ్చ తగిలిస్తే నాచులా వచ్చింది. విసుగొచ్చి వదిలేశాడు. పొద్దున ఆ విసిరేసిన డయలునే జేబులో వేసుకుని వంతెన ఎక్కాడు. షాపు మూతపడితే తన పనిముట్లు ఏ పెట్టెలో సర్దుకోవాలా అని దారంతా ఆలోచించాడు.

నగర కార్యాలయం నుంచి వచ్చిన షిమామురా అనే ఆవిడ డయలు అందుకుని, చెయ్యి చాపి నీళ్ళ మీద పట్టింది. అటూ ఇటూ వంచి చూసింది. ఇసోగాయి వెనక, తొమోయె పక్కన, మికియో తన బూట్లకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఏది డయలో, ఏది నీళ్ళో తెలియడం లేదు. ఖాయం చేసుకోండి," అంది చివరికి.

ఇసోగాయి నడుము దాకా వంగి లేచాడు. ఆమె కారు దాకా వెళ్ళగానే మికియో భుజం చరిచాడు.

"సాధించావురా. ఏం కలిపావు?"

"ఏమీ కలపలేదండి. మీరు నిన్న విసిరేసిందే ఇది."

భుజం మీద చెయ్యి అలాగే ఆగిపోయింది. ఇసోగాయి మెల్లగా పిట్టగోడ మీంచి కిందికి వంగి చూశాడు. గొంతు తగ్గించి, "తొమోయె, నిన్న తొట్లలో మిగిలిన రంగంతా ఎక్కడ పోశావు?" అన్నాడు.

"షాపు అద్దంలా ఉండాలన్నది మీరే కదండీ," అంటూ తొమోయె, వంతెన కింద ఇంకా నీలంగా కారుతున్న తూముకేసి చూపించింది.