పై కన్నంలో పుల్ల

రోజారమణికి లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం, గోడలో మూడు కన్నాలు.

పాము కాదు, పులి కాదు. ఒడిశా బొయిపరిగుడలో వాళ్ళ కిరాణా కొట్టు వెనక గదిలో, మోకాలెత్తున ఉన్న ప్లగ్గు బోర్డు.

కూతురు దేవిశ్రీకి అడుగులొచ్చేయి మరి. చేతికి దొరికిందల్లా ఏదో ఒక కన్నంలో దూర్చందే ఆ పిల్లకి తోచదు.

మొగుడు మల్లేశ్వరరావు ఖరీదైన బోర్డు తెచ్చి బిగించేడు.

"ఫారిన్ రూలు ప్రకారం సేసింది. లోపల సిన్న తలుపులుంటాయి. మూడుకాళ్ళ ప్లగ్గు ఎడితే, పైన పొడుగు కాలు ఆ తలుపులు తీస్తాది. పిల్ల కింద ఏటి గుచ్చినా తెరుసుకోవు. ఇంక నిద్దరపో," అన్నాడు.

ఆ నిద్ర ఒక్క రాత్రే.

అత్తగారు పాపాయమ్మ ఫోను ఛార్జరుకి రెండే కాళ్ళు. పొద్దున్న లేచి చూస్తే పై కన్నంలో చీపురు పుల్ల విరిచి దిగేసి ఉంది. లోపల తలుపులు బార్లా.

"అత్తమ్మా, పుల్ల తియ్యండి! పిల్ల తిరుగుతున్నాది!"

"తీస్తే నా ఫోను బతకదు. ఊరంతా ఎట్టుకున్నోళ్ళే. మనింట్లోనే కొత్తేటి?"

నిజమే. ఊళ్ళో పుల్ల లేని బోర్డు లేదు. కోడలు తీసేది, అత్త పెట్టేది.

ఒక శుక్రవారం కొట్టు ముందు ఎవరో ముసలాయన ఆగేడు. చెప్పుల నిండా దుమ్ము, భుజాన గుడ్డసంచి.

"మీ ప్లగ్గు బోర్డు ఒక్కసారి చూడొచ్చా అమ్మా?"

"కరెంటాఫీసోడివా?" అంది పాపాయమ్మ. "మాకు మీటరుంది!"

"కాదమ్మా."

"మరి అమ్మకానికొచ్చేవా?"

"కాదమ్మా. చూసి పోతాను."

"బోర్డు సూడ్డానికి అదేటి, సినిమాయా?"

అయినా లోపలికి రానిచ్చింది. ఆయన బోర్డు ముందు గొంతుక్కూచుని, పుల్లకేసి చూసేడు. ఎందుకు పెట్టేరని అడిగేడు. రోజారమణి కడుపులో ఉన్న భయమంతా కక్కేసింది.

"నీకేం కావాలమ్మా?" అన్నాడాయన.

ఏడో తరగతిలో బడి మానిపించిన దగ్గర్నుంచీ ఆ మాట ఆమెనెవరూ అడగలేదు.

"నా పిల్ల ఏది ఎట్టినా తెరుసుకోకూడదు. మా అత్తమ్మ రెండుకాళ్ళ సార్జరు ఎడితే తెరుసుకోవాల. రెండూ కావాల బాబూ."

"సందమామని కూడా అడిగేయ్ అమ్మీ, అదొక్కటీ తక్కువెందుకు!" అని పాపాయమ్మ పకపకా నవ్వింది.

ఆయన నవ్వలేదు. పుల్ల లాగి, "ఇది తీసుకెళ్ళొచ్చా?" అన్నాడు.

పాపాయమ్మ నవ్వు చప్పున ఆరిపోయింది. ఇంటి చీపురు పుల్ల పరాయివాడి చేతికి పోతే చేతబడి, వాళ్ళ మాటలో చిల్లంగి, చేసేస్తారని ఆ వైపు భయం.

"సుక్కురోరం పూట, పసిపిల్లున్న ఇంట సీపురు పుల్ల అడుగుతాడా? ఓలమ్మో! సిల్లంగోడు! సిల్లంగోడు!"

వీధి వీధంతా వచ్చి పడింది. ఎవరో సంచి గుంజి దులిపేరు. విరిచిన పుల్లలు, అగ్గిపుల్లలు, పెన్ను రీఫిళ్ళు కుప్పగా రాలేయి.

"ఎన్ని కొంపలు తీసేవురా!"

తోసేరు. కళ్ళద్దాలు కింద పడ్డాయి. పిల్లని గుండెకి అదుముకుని, అందరికన్నా గట్టిగా అరిచింది రోజారమణే.

"మా గుమ్మం తొక్కొద్దు!"

ఆయన కళ్ళద్దాలు తీసుకుని, "పిల్ల జాగ్రత్తమ్మా," అని వెళ్ళిపోయేడు. ఆ మాట శాపమేమోనని ఎన్నాళ్ళో పిల్లకి దిష్టి తీసింది.

రెండోసారి వానలొచ్చేసరికి, గోడ కారి బోర్డు కాలిపోయింది. కరెంటు పనిచేసే మనోరంజన్ కొత్తరకం బోర్డు బిగించేడు. స్విచ్చి వేసి ఉంది. రోజారమణి ఆరేసిన బట్టలకని ఇలా తిరిగింది.

దేవిశ్రీ తలపిన్ను తీసి పై కన్నంలో గుచ్చింది.

కేక పెట్టి పరిగెత్తేలోగా కింద కన్నాల్లోనూ గుచ్చింది. పిన్ను వంగిపోయింది. తలుపులు కదల్లేదు. పిల్లకి కోపమొచ్చి, గోడనొకటి చరిచి ఆటకి పోయింది.

మనోరంజన్ నవ్వుతూ పాపాయమ్మ ఛార్జరు తీసి పెట్టేడు. సాఫీగా దిగింది. ఫోను వెలిగింది.

"ఓసి దీని సిగదరగా!" అంది పాపాయమ్మ.

రోజారమణి ఛార్జరు పీకింది, పెట్టింది. మళ్ళీ పీకింది, పెట్టింది. ఏడుస్తూ నవ్వింది. ఇరుగుపొరుగుల్ని కేకేసి చూపించింది.

"ఇదేటి మాయ, మనోరంజన్?"

"మాయ కాదక్కా, రూలు మారింది. ఫారిన్ రూలుకి మన పుల్ల సంగతి తెలీదు కదా. ఇప్పుడు పై కన్నంతో పని లేదు. కింద రెండు కాళ్ళూ ఒక్కసారి నొక్కాలి. రాయగడ ట్రైనింగులో చెప్పేరు. ఒక పెద్దాయన ఇల్లిల్లూ తిరిగి చూసి మార్పించేడంట. పుల్లలన్నీ రూళ్ళు రాసేవాళ్ళ మీటింగులో బల్ల మీద పోసేడంట."

రోజారమణి మనోరంజన్ దారికి అడ్డం నిలబడింది.

"ఆయనెక్కడున్నాడు?"

"ఇంకా ఊళ్ళ మీదే అక్కా. ఇప్పుడు తడిగోడల మీద బోర్డులు చూస్తున్నాడంట. నిన్న కుందురలో ఎవరో తరిమేరంట."

వీధి దాటడానికే జడిసే మనిషి, పిల్లని చంకనేసుకుని కుందుర బస్సెక్కింది. ఆయన అప్పటికే వెళ్ళిపోయేడు. సెంటర్లో నిలబడి, పిల్లని రెండు చేతులా పైకెత్తి అరిచింది.

"ఆయన సిల్లంగోడు కాడు! సూడండి, నా పిల్ల బతికుంది! మీ పిల్లలూ బతుకుతారు!"

ఆ ఫారిన్ రూలుని ఉన్నదున్నట్టు మొదట మనకి తెచ్చిందీ తనే అయ్యుండి, అందులో తప్పెక్కడుందో చెప్పమని గుమ్మం గుమ్మం అడుగుతూ తిరుగుతున్న ఆ పెద్ద ఇంజినీరు మీ వీధికొస్తే, అన్నం తిన్నాడో లేదో ఒక్కసారి చూడండి.