వరసలో తర్వాతి వాళ్ళు

"నా బండి కింద చచ్చింది. అది నా మాంసం," అన్నాడు బర్ట్.

రోడ్డుకి అడ్డంగా ఆడ మూస్ దుప్పి పడి ఉంది. గుర్రం కంటే పెద్దది. బర్ట్ పికప్ బండికి ఒక లైటు పగిలి, బంపరు వేలాడుతోంది. లోపలున్న ముగ్గురికీ చిన్న గీత కూడా పడలేదు. దుప్పి పిల్ల మాత్రం పొదల దగ్గర నిలబడి, తల్లి లేస్తుందేమోనని చూస్తోంది.

బర్ట్, అతని భార్య లొరేన్ పదేళ్ళ కూతురు మిండీకి మంచునది చూపించి మూడు రోజుల తర్వాత ఇంటికి తిరిగొస్తున్నారు. ఇంకో ఇరవై మైళ్ళు వెళితే ఇల్లే. దారి పొడుగునా కనబడిన ప్రతి జంతువునీ మిండీకి చూపించి, తన వేట కథలు చెబుతూనే వచ్చాడు బర్ట్. అలాంటి ఒక కథ మధ్యలోనే ఈ దుప్పి అడ్డం వచ్చింది.

"గుద్దినవాళ్ళకి ఇవ్వకూడదండీ. రూలు మీకు తెలియంది కాదు," అన్నాడు పోలీసాయన. ఈ రోడ్డు మీదికి ఈ మధ్యే బదిలీ అయి వచ్చాడు. "అలా ఇస్తే అందరూ బండ్లతోనే వేటకి బయల్దేరతారు. ఇలా చచ్చిన జంతువుల మాంసం కావాలని ముందే రాయించుకున్నవాళ్ళ లిస్టుంది. ఇది వాళ్ళలో వరసలో తర్వాతి వాళ్ళకి వెళ్తుంది. ఫోన్ చేస్తే అరగంటలో వచ్చి కోసుకుపోతారు."

లిస్టు అన్న మాట వినగానే బర్ట్‌కి ఒళ్ళు మండింది. మోకాలు సహకరించక ఈ ఏడు ఒక్క దుప్పినీ కొట్టలేకపోయాడు. ఇంట్లో ఫ్రీజరు ఖాళీగా ఉంది. చలికాలం నెత్తి మీదికొచ్చింది. నోటిదాకా వచ్చిన కూడు ఎవడో ఎత్తుకుపోతున్నట్టుంది.

"లిస్టట, లిస్టు. ఎప్పుడెవడి బండి దేన్ని గుద్దుతుందా అని ఫోను పక్కన కాచుక్కూర్చునే రకం. తుపాకీ పట్టడం చేతగాదు, అడుక్కోడానికి సిగ్గూ లేదు."

"పోదాం పద, బర్ట్," అంది లొరేన్ ముందు సీట్లోంచి. "బండి నడుస్తోందిగా. చలేస్తోంది."

"ఉండు."

"వాళ్ళింట్లోనూ పిల్లలుంటారు."

"మనింట్లో లేదూ పిల్ల? ఎవరి ముందైనా చెయ్యి చాపామా? పోయినేడు కాలు విరిగి నేను మంచంలో ఉంటే మన ఫ్రీజరు నిండలేదూ? నీ తమ్ముడు సగం దుప్పి పంపాడని నువ్వే చెప్పలేదూ? వేటగాడికి వేటగాడు పెట్టడం వేరు, రోడ్డు మీద చచ్చినదాన్ని ఏరుకు తినడం వేరు. ఆ కూడు తినేకంటే పస్తుండొచ్చు. వింటున్నావా, మిండీ?"

"ఊఁ," అంది మిండీ తలెత్తకుండా.

లొరేన్ వెనక సీట్లోకి చెయ్యి చాపింది. "నా ఫోనిలా ఇవ్వు."

"ఒక్క నిమిషం అమ్మా, ఎలుగుబంటి ఫోటోలు చూస్తున్నా."

"తర్వాత చూద్దువు. ముందివ్వు."

బర్ట్ పోలీసాయన వైపు తిరిగాడు. "ఎవరికి పోతోంది ఇది? పేరు చెప్పండి."

"నా దగ్గర పేర్లుండవండీ. వరసగా ఫోను నంబర్లే ఉంటాయి."

"అయితే చెయ్యండి. వచ్చేది ఎవరో ఆ మొహం చూసిగానీ ఇక్కణ్ణుంచి కదలను. నేను నిలబడి చూస్తుంటే ఎలా కత్తి పెడతారో చూస్తా."

"బర్ట్, నా మాట విను. ఇంటికి పోదాం," అంది లొరేన్. ఆమె గొంతు వణికింది. చలికి అనుకున్నాడు బర్ట్.

"చూస్తానన్నానా, చూసే కదులుతా."

పోలీసాయన కాగితం చూసి నంబరు నొక్కి, ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

పికప్ వెనక సీట్లో ఫోను మోగింది.

"అమ్మా, నీకే," అంది మిండీ.

లొరేన్ ఫోను అందుకుంది కానీ ఎత్తలేదు. తలుపు తీసుకుని దిగి, మోగుతున్న ఫోనుతోనే నడిచొచ్చి మొగుడికి ఎదురుగా నిలబడింది.

"చూస్తానన్నావుగా. చూడు."