ఈ ఏటి మూడు నాణేలు

"చేతులు కడుక్కొని రా. అప్పుడు చూపిస్తాను," అన్నాడు అన్న.

చెల్లెలు కదల్లేదు. పక్క గదిలో తల్లి మూలుగుతోంది. ఆరు గంటలు బస్సులో కూర్చొని వచ్చింది తల్లిని చూడటానికి గాని నాణేలు చూడటానికి కాదు.

"అమ్మ సగమైపోయిందన్నయ్యా."

"ఎనభై మూడేళ్ళకి రెట్టింపవుతారా?"

అతడు చేతులకు తెల్లని నూలు తొడుగులు వేసుకున్నాడు. సొరుగులోంచి నల్ల మఖమలు పరిచిన పళ్ళెం తీసి, రెండు చేతులా పట్టుకొని, ఊపిరి బిగబట్టి బల్ల మీద పెట్టాడు. మూడు బంగారు నాణేలు. ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత.

"ఈ ఏడాది వచ్చినవి ఈ మూడే, నాకు ప్రాణం. ఇది ఓడ గుర్తుది, వేసవిలో వచ్చింది. ఇది రాణి తలది, వానలప్పుడు. ఇక ఇది చూడు. అచ్చు తప్పింది. గుర్రానికి అయిదు కాళ్ళు. లోకం మొత్తమ్మీద పదకొండే ఉన్నాయి."

"వెండివి కూడా పోగేసేవాడివిగా?"

"మానేశాను. వెండి నల్లబడుతుంది, రాగి పచ్చబడుతుంది. బంగారం దేన్లో పడినా బంగారమే."

తల్లి మళ్ళీ మూలిగింది. అతడు కంటి దగ్గర పెట్టుకున్న భూతద్దం దించలేదు.

నాలుగేళ్ళుగా ఆమెకు జ్ఞాపకం లేదు. కన్నకూతుర్ని పట్టుకొని "ఎవరి అమ్మాయివి?" అంటుంది. కొడుకునూ పోల్చుకోదు. కాని అతడు "నోరు తెరువమ్మా" అంటే తెరుస్తుంది. నాలుక మీద వేసింది మింగుతుంది. అటువంటి మనిషిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, నాణేల ప్రదర్శన ఎక్కడ జరిగితే అక్కడికి తిప్పుతున్నాడు. నిన్న సాయంత్రమే ఒకదాని నుంచి తిరిగి వచ్చారు.

"ఈ వయసులో ఆమెను సంతలకు ఈడుస్తావా? సిగ్గనిపించదూ?"

"ఇంట్లో పెట్టి తాళం వేసి పొమ్మంటావా?"

అక్కడి వ్యాపారులు అతణ్ణి చూసి తమ కొడుకులను తిట్టుకుంటారని చెల్లెలు విన్నది. తల్లికి మందు వేళయిందంటే వాళ్ళే లేచి మంచినీళ్ళు తెచ్చిస్తారట. గేటు దగ్గర తనిఖీకి అందరూ విసుక్కుంటే, ఇతడు మాత్రం అడక్కముందే జేబులు తిరగేసి చూపిస్తాడట.

"నిన్న ఏం కొన్నావు?"

"ఏమీ కొనలేదు." అతడు చిన్నగా నవ్వాడు. "కంటికి నచ్చినవన్నీ కొంటూ పోతే ఇల్లు గుల్లవుతుంది."

ఆమె తల్లి గదిలోకి వెళ్ళింది. కిటికీ మూసి ఉంది. దుప్పటి కింద నుంచి వాసన వస్తోంది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకొని, మంచం కింది మలపాత్ర కోసం చెయ్యి చాచింది.

"ముట్టుకోకు," అన్నాడు అన్న, గుమ్మంలోంచి. "అది నా పని."

"ఆయాను పెట్టుకోవచ్చుగా?"

"పెట్టాను. మూడో రోజునే పంపించేశాను. అమ్మ సంగతి ఇంకొకరు చూడటం నాకిష్టం లేదు."

పాత్ర పట్టుకొని స్నానాలగదిలోకి వెళ్ళి గడియ వేసుకున్నాడు. కుళాయి చాలాసేపు పారింది. ఆమె బయట నిలబడి సిగ్గుపడింది. కన్నకూతురు కొంగు అడ్డం పెట్టుకుంది. అతడి మొహంలో ముడతైనా పడలేదు. ఇతణ్ణా తను బస్సులో దారి పొడవునా తిట్టుకున్నది?

అతడు మొహం వేలాడేసుకొని బయటికి వచ్చాడు.

"సరిగ్గా కావడం లేదు. మలబద్ధకం."

"కడుపు రాయిలా ఉంది. ముట్టుకుంటే అరుస్తోంది. ఆసుపత్రికి తీసుకెళ్దాం. ఒక ఎక్స్‌రే తీయిస్తే..."

"రెండు రోజులాగు."

"ఎందుకు?"

"ఆసుపత్రివాళ్ళు గొట్టాలు పెట్టి పీక్కుతింటారు. రెండు రోజులు కానీ. తర్వాత నీకిష్టమొచ్చిన డాక్టరుకు చూపించుకో, నేను అడ్డం రాను."

విరేచనం మందు తేవడానికి బజారుకు బయల్దేరాడు. వెళ్ళేముందు పళ్ళెం సొరుగులో పెట్టి, చెల్లెలి కళ్ళెదుటే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

అతడు వీధి మలుపు తిరిగాడో లేదో, తల్లి పచ్చగా వాంతి చేసుకుంది. కడుపు రెండు చేతులా పట్టుకొని ఉండలా చుట్టుకుపోయింది. చెల్లెలు పక్కింటి తలుపు తట్టింది. పక్కింటావిడ కారు తీసింది.

"మీ అన్నయ్యను అడక్కుండానా?"

"అడిగితే రెండు రోజులంటాడు. రెండు రోజులు ఈమె ఉంటుందా?"

"దేవుడిలాంటి మనిషమ్మా ఆయన. కూతుళ్ళు కూడా చెయ్యరు అంత చాకిరీ."

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. చెల్లెలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఎక్స్‌రే గదిలో చల్లటి బల్ల మీద తల్లిని పడుకోబెట్టారు. ఎక్స్‌రే తీసే మనిషి ఆమె మీదికి వంగాడు.

"ఊపిరి బిగపట్టండి మామ్మగారూ."

ఆమె బుద్ధిగా నోరు తెరిచింది.

"నోరు కాదు తల్లీ, అది మూసుకోండి," అని నవ్వాడతడు.

చెల్లెలు బయటికి వచ్చేసరికి ఫోను మోగింది. అన్న.

"అమ్మేది?"

"ఎక్స్‌రే తీయిస్తున్నాను. వాంతి చేసుకుంది. నావల్ల కాలేదు, తీసుకొచ్చేశాను."

అమ్మకెలా ఉందని అతడు అడగలేదు.

"ఫిల్ము వచ్చిందా?" అన్నాడు.

లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఎక్స్‌రే తీసిన మనిషి ఇప్పుడు నవ్వడం లేదు.

"ఇలా రండమ్మా. ఇది చూడండి."

వెలుగుపెట్టెకు తగిలించిన ఆ ఫిల్ములో, తుంటి ఎముకకు రెండంగుళాల పైన, చిటికెన గోరంత గుండ్రటి తెల్లని బిళ్ళ ఒకటి, అన్నయ్య ఆ ఏడాది తెచ్చుకున్న నాణేల్లో నాలుగోది, అమ్మ పేగుల్లో ఇంకా దిగుతూనే ఉంది.