వెనక్కి నడిచే నాట్లు

"ఆగు బిడ్డా, ఆగు! గట్ల నడిస్తె నాటంత తొక్కుడే!"

జెరూషా ఫోన్ దించి చుట్టూ చూసింది.

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు పోయే రోడ్డు. ఆఫీసు క్యాబ్ ఇంకా రాలేదు. ఆదివారం చర్చిలో కోత పండుగకు చదవాల్సిన సొంత కథను ఆమె పైకి చదివి చూసుకుంటోంది. ఐదు నిమిషాలు దాటొద్దని పాస్టరుగారి షరతు.

అరిచింది రోడ్డు పక్క పూలమొక్కల్లో కలుపు తీస్తున్న ముసలామె. చీర మీద మెరిసే పట్టీల జాకెట్, తలకు తువ్వాల.

"ఏం తొక్కుడు?"

"ఆడోళ్లు నాట్లేసుకుంట ముందటికి పోతున్నరని చదివినవు గదా."

"అవును. అది సింబల్. ముందడుగు అన్నట్టు."

"నాటేటోళ్లు ఎనకకే నడుస్తరు. ముందటికి నడిస్తె నువ్వు పెట్టిన నారు నీ కాళ్ల కిందనే పోతది."

జెరూషాకు ఒళ్లు మండింది. ఆ వాక్యం కోసం మూడు రోజులు కష్టపడింది. నాలుగేళ్ల ఇంజినీరింగ్‌లో ఒక్కరూ వరి ఏ దిక్కుకు నాటుతారో చెప్పలేదు.

"వెనకకు నడిస్తే కథల ఏం బాగుంటది? ఓడిపోయినట్టు ఉంటది."

"ఓడుడేంది? ఎనకకు ఒక్కో అడుగు పడ్డకొద్ది కండ్ల ముందట పచ్చగైతది."

జెరూషా ఆ మాటను గబగబా ఫోన్‌లో ఎక్కించుకుంది. థాంక్స్ చెప్పడం మాత్రం మరిచిపోయింది.

"ఇగ మొత్తం చదువు," అంది ముసలామె.

చదివింది.

పాలమూరు నుంచి నిజామాబాద్ దిక్కు నాట్లకు వలసపోయిన పన్నెండుమంది ఆడవాళ్లు. మడిలో ఒకామెను పాము కరిచింది. దవాఖానకు ట్రాక్టర్ అడిగితే, నాట్లు అయ్యాక చూద్దామన్నాడు పటేలు. అప్పుడు లీలమ్మ నాట్లు ఆపించి, అందరినీ మడిలోంచి గట్టెక్కించింది. పీకిన నారు కట్టలు ఎండకు వాడిపోతుంటే పటేలుకు ఎదురు నిలబడింది. నారు ఎండితే పటేలు ఏడాది పంట పోయినట్టే. ట్రాక్టర్ కదిలింది.

కథ మొదట్లో లీలమ్మ తలెత్తి మాట్లాడదు. చివర్లో పటేలు కళ్లలోకి సూటిగా చూస్తుంది. పాత్ర అన్నాక ఎదగాలి కదా.

"ఈ లీలమ్మ ఎవలు?"

"మా నాయనమ్మ."

కలుపు తీసే చెయ్యి ఆగింది.

"ఉన్నదా?"

"ఉంది. ఆదివారం ముందు వరుసలనే కూసుంటది. ఇన్నేండ్లల్ల చర్చిల ఒక్కరు కూడా ఆమెను పేరు పెట్టి పిలవలే. ఆ ఒక్క రోజన్న అందరు ఆమె దిక్కు చూడాలె. అందుకే రాసిన."

"కాలు మంచిగనే ఉన్నదా?"

"మోకాళ్ల నొప్పులు. గా వయసుల అందరికి ఉండేటియే గదా."

ముసలామె నవ్వి, మళ్లీ గడ్డి పీకడం మొదలుపెట్టింది.

"పటేలు ముందట ఏడ్చిందని చదివినవు. అది తీసెయ్. పెద్దది ఏడిస్తె గుంపంత బెదురుతది."

"ఓకే. ఇంకేమన్న ఉన్నయా?"

"పాము కరిచినామె నాలిక మీద ఉప్పు పెట్టి, ఉప్పగున్నదా చెప్పవే, చెప్పవే అని అడిగిన్రని రాయి. రుచి తెలుస్తుంటె పానం ఉన్నట్టు."

"సూపర్ అమ్మా! ఇది ఎవరికీ తట్టదు."

"లీలమ్మ పేరు మాత్రం మార్చకు. గట్లనే ఉండనీ."

క్యాబ్ హారన్ కొట్టింది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక జెరూషాకు గుర్తొచ్చింది, ఆమె పేరు అడగలేదని.

ఆదివారం గుమ్మడికాయలు, కోడిపుంజుల వేలం అయిపోయాక జెరూషా కథ చదివింది. నాలుగు నిమిషాల యాభై సెకన్లు. ఆడవాళ్లు వెనక్కి నడిచారు, పొలం పచ్చబడింది, లీలమ్మ ఏడవలేదు. చర్చి మొత్తం చప్పట్లు కొట్టింది.

"లీలమ్మగారూ, ఒక్కసారి లేచి నిలబడండి. అందరూ చూస్తారు," అన్నాడు పాస్టరు.

లీలమ్మ తల వంచుకుంది, లేవలేదు. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నారంతా.

ఇంటికొచ్చాక నాయనమ్మ చెప్పులు కూడా విడవకుండా అడిగింది.

"ఉప్పు సంగతి నీకెవలు చెప్పిన్రే?"

"రోడ్డు మీద కలుపు తీసే ఒకామె. నాటేటోళ్లను వెనకకు నడువుమన్నది కూడా ఆమెనే. ఏం, తప్పా?"

"నేనెన్నడు ఎవ్వలికి చెప్పలే. ఎట్లుంటది ఆమె?"

"నాయనమ్మా, జాకెట్ వేసుకుంటే అందరు ఒక్క తీర్గనే ఉంటరు."

"నన్ను ఆడికి తీస్కపో."

తెల్లారి ఇద్దరూ ఆటోలో వెళ్లారు. పూలమొక్కల దగ్గర వేరే మనుషులున్నారు. సూపర్‌వైజర్ మల్లేశ్వర్ పైపుతో నీళ్లు కొట్టిస్తున్నాడు.

"అన్నా, ఈడ ఒక ముసలామె కలుపు తీసేది..."

"ఈదమ్మనా? శనివారంతోని పని బంద్ పెట్టింది అక్కా. నడుము లేస్తలేదని ఊరికి పోయింది."

"ఏ ఊరు? ఫోన్ నంబర్ ఉన్నదా?"

"ఫోన్ లేదు. పాలమూరు దిక్కు అన్నది, అంతే."

ఈదమ్మ, పాలమూరు అని వినగానే లీలమ్మ రోడ్డు అంచున రాయి మీద కూర్చుంది.

"ఎవరు నాయనమ్మా ఆమె?"

"మేం గట్టెక్కినం అనే గదనే నీకు చెప్పిన? ముందట నేనున్నా అని ఎన్నడన్న అన్ననా?"

జెరూషా గుర్తు చేసుకుంది. అనలేదు. కథకు నాయిక కావాలని ముందు నిలబెట్టింది తనే.

లీలమ్మ చీర అంచు కొద్దిగా పైకి లాగింది. చీలమండ పక్కన రెండు నల్లటి చుక్కలు.

"కరిచింది నన్ను," అంది. నిన్న చర్చిలో వంచుకున్న తలను ఇప్పుడు నిటారుగా ఎత్తింది.

"పటేలు ముందట నిలవడి, కంట్ల నీళ్లు తియ్యకుంట ట్రాక్టర్ కదిలించింది, నిన్ను ఎనకకు నడువుమన్న మా ఈదమ్మ."