మొరటు చెయ్యి

“అమ్మా! చంపేశావే!”

తండ్రి కేకకు కూతురు చేతిలోని సిరంజి ఆపేసింది. సూది బయటికి లాగి దూదితో అదిమిపట్టింది. ఎక్కించింది ఉత్త సెలైన్ నీళ్లే. ఆయన ముఖం చూస్తే మాత్రం విషం ఎక్కినట్టుంది.

“అంత నొప్పి పుట్టిందా నాన్నా?”

“నొప్పా? ప్రాణం పోయి వచ్చింది. పర్లేదులే, మళ్లీ వెయ్యి. కన్నవాడి దగ్గర కాకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటావ్?”

నర్సింగ్ స్కూల్లో ఆమెకది మొదటి ఏడాది. సెలవులు అయిపోగానే వార్డులో నిజం రోగికి సూది వెయ్యాలి. అది కుదిరితేనే రెండో ఏడాది. దిండు మీదా, నారింజకాయ మీదా బాగానే వేసింది. కానీ మనిషి ఒళ్లు వేరు. ఆ భయమే తండ్రితో చెప్పుకుంటే ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“ఎడమది తీసుకో. కుడిది కుంచె పట్టాలి, మనకి కూడు పెట్టేది అదే. ఇదంటావా, నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి పైకి లేచి చావదు. నీ చదువుకైనా పనికొస్తుంది.”

గోడలకు రంగులేసే మనిషి. భార్య పోయాక నవ్వడం మానేసిన మనిషి. అడక్కుండానే చెయ్యి చాపితే కూతురికి కళ్లు చెమర్చాయి.

ఆ సెలవులన్నీ సాయంత్రమైతే అదే తంతు.

“తల అటు తిప్పుకో నాన్నా. చూడకపోతే నొప్పి తెలియదని మా ట్యూటరమ్మ చెప్పింది.”

“బావుంది. నా కూతురు చేసే పని నేను చూడొద్దూ?”

రెప్ప వెయ్యకుండా సూదినే చూసేవాడు. అది చర్మం దాటిందో లేదో, వీధి చివరికి వినపడేలా కేక పెట్టేవాడు. ఒకసారి పక్కింటి పిన్ని చేతిలో గరిటెతోనే పరుగెత్తుకొచ్చింది.

“ఏంటి బావగారూ, పిల్ల చదువుకుంటోందా, పాత పగ తీర్చుకుంటోందా?”

“దాన్నేమీ అనకమ్మా. వాళ్లమ్మది వెన్నలాంటి చెయ్యి. దీనికి నాది వచ్చింది, గోడలు గీకే మొరటు చెయ్యి. అది దాని తప్పా?”

పిన్ని వెళ్లాక ఆయన గొంతు తగ్గించాడు.

“చదువు మానెయ్యమని నేను చచ్చినా అనను. కానీ రేపు ఏ పసిబిడ్డకో నరం మీద గుచ్చితే కాలు చచ్చుబడిపోతుందంట కదా. నాదంటే ముసలి ప్రాణం, ఓర్చుకుంటాను.”

కూతురు లోపలికి వెళ్లి తన అరచేతుల్ని చాలాసేపు చూసుకుంది.

వార్డులో ఆమె వంతుకు ఒక ముసలావిడ వచ్చింది. జబ్బ మీద స్పిరిట్ రాసింది. సూది దగ్గరికి తెచ్చింది. అంతే. గుచ్చకముందే తండ్రి కేక చెవుల్లో మోగింది. చెయ్యి ముందుకు పోలేదు. సిరంజి ట్రేలో పెట్టేసి బయటికి వచ్చేసింది. ఆమె తర్వాతి పిల్లకి క్లాసంతా పెట్టిన పేరు గజగజ. సూది పడితే ఆ పిల్ల మోచేతి దాకా వణుకుతుంది. అయినా గుచ్చింది, రోగి చేత నానా తిట్లూ తిని పాసైంది.

ట్యూటరమ్మ గదిలోకి పిలిచి తలుపు వేసింది.

“మానేస్తానంటావేం? ఈ క్లాసులో తేలిక చెయ్యి ఉన్నది నీకే. మొరటుదని ఎవరన్నారు?”

“మా నాన్న, మేడమ్. ఆయన నాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు.”



పెట్టెతో ఇంటికొచ్చిన కూతుర్ని చూసి తండ్రి, “నీ ఇష్టం తల్లీ. నేను మానమన్నానా?” అన్నాడు. పెట్టె తనే లోపలికి మోశాడు. ఆనాటి నుంచి ఆయన పని నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉండేది, పొయ్యి మీద కూర ఉడుకుతూ ఉండేది.

“మీ అమ్మ పోయాక, తాళం తీసుకుని చీకటింట్లోకి అడుగుపెట్టడం ఎంత నరకమో నీకేం తెలుసే,” అన్నాడొకసారి అన్నం కలుపుకుంటూ.

రోగులకు కాకపోయినా నాన్నకైనా పనికొచ్చానని ఆమె సరిపెట్టుకుంది. తోటి పిల్లలు కోర్సు ముగించి ఉద్యోగాల్లో చేరారని విన్నప్పుడల్లా మాత్రం ఆ పూట ముద్ద దిగేది కాదు.

ఒకరోజు నిచ్చెన మీద సున్నం వేస్తుంటే తండ్రి కళ్లలో చింది. తడుముకుంటూ నిచ్చెన దిగుతుంటే తుప్పు మేకు పిక్క చీల్చింది. ఆసుపత్రిలో డాక్టరు కళ్లు కడిగి రెండింటికీ కట్టు కట్టాడు. చూపుకు భయం లేదు, రేపు విప్పుతామన్నాడు. కాలికి కుట్లు పడ్డాయి. ఇక టీటీ సూది మిగిలింది.

ట్రే పట్టుకుని తెల్ల యూనిఫాంలో వచ్చింది గజగజ.

“నువ్వా! ఈయన మీ నాన్నా?” ఆ పిల్ల గొంతు తగ్గించింది. “నా చెయ్యి ఇంకా కుదరలేదే. పొద్దున ఒకాయన కొట్టబోయాడు. నువ్వే వెయ్యకూడదూ?”

“వద్దు. నా చేతిలో ఆయన పడ్డ నరకం చాలు.”

ఆమె తండ్రి కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది. గజగజ ఎడమ జబ్బ మీద స్పిరిట్ రాసింది. వణుకుతూ గుచ్చింది. సూది వంకరగా దిగింది. లాగి మళ్లీ గుచ్చింది. రక్తం మోచేతి దాకా కారింది. ఆ కేక ఎలా ఉంటుందో తెలిసిన కూతురు కళ్లు గట్టిగా మూసుకుంది.

కేక రాలేదు.

కళ్లు తెరిచి చూసింది. మందు ఎక్కించడం అయిపోయింది. గజగజ దూదితో రక్తం అదిమిపట్టి, తిట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. తండ్రి కట్టు కట్టిన ముఖం పైకెత్తి, కాసుకుని ఉన్నవాడిలా పెదవులు తడుపుకున్నాడు.

“గుచ్చే ముందు ఒక్క మాట చెప్పు తల్లీ,” అన్నాడు.