చాయ్ భట్టీ మీద కాఫీ

చాయ్ హోటల్లో ఒక మూల ఆఫియా పెట్టిన కాఫీని మొట్టమొదట కొన్న గిరాకీ ఒక్క గుక్క తాగి, మొహం వంకర పెట్టి, నోరు బాగుచేసుకోవడానికి చాయ్ తెమ్మన్నాడు.

హోటల్ అంతా నవ్వింది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వహీద్ కూడా నవ్వాడు. ఆఫియా తండ్రే మరి, మిగతావాళ్ల కంటే కాస్త ఎక్కువే నవ్వాడు.

"హుస్సేనీ ఆలంల కాఫీ ఎవరు తాగుతరు బేటీ? రంజాన్ దాకా చూస్త. నడవకపోతే గా మూల మళ్ల సమోసలకే."

"నడుస్తది అబ్బా!"

గొంతులో ధీమా ఉంది. లోపల మాత్రం అంత లేదు.

ఈ కాఫీ పిచ్చి ఆమెకు స్నేహితురాలు శ్రీహిత అంటించింది. ఇద్దరూ కలిసి నగరంలో ఎక్కని కెఫే మెట్టు లేదు. ఒకచోట నురగే తప్ప కాఫీ లేదు. ఇంకోచోట కప్పు బాగుంది, కాఫీ లేదు. చివరికి శ్రీహిత వాళ్లమ్మ ఇత్తడి ఫిల్టర్‌లో తీసిన డికాషన్‌తో కలిపిచ్చిన కాఫీ తాగాక ఆఫియా వెతుకులాట ఆగింది.

అలాంటి ఫిల్టరే కొనుక్కుని ఇంట్లో రోజూ తనకోసం చేసుకునేది. అది అమృతం. అదే కాఫీ హోటల్‌కొచ్చేసరికి కషాయం ఎందుకవుతోందో ఆమెకు అంతుపట్టడం లేదు.

అయినా ఒక పెద్దాయన రోజూ వచ్చి తాగుతున్నాడు. తెల్ల లాల్చీ, బట్టతల, నుదుట బొట్టు. వహీద్ మధ్యాహ్నం నమాజ్‌కు అటు వెళ్లగానే ఇటు వచ్చి, వీధికి వీపు పెట్టి కూర్చునేవాడు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాడు.

"బిడ్డా, ఇంట్ల గూడ గిట్లనే తాగుతవా?"

"లే అంకుల్. ఇంట్ల మస్తుంటది."

"మరి ఈడ ఏం జేస్తున్నవ్?"

ఆఫియా భట్టీ చూపించింది. పొద్దున తీసిన కాఫీ డికాషన్ మూతపెట్టిన గిన్నెలో, చాయ్ పక్కనే, సన్న సెగ మీద మరుగుతోంది.

"గిదేంది?"

"డికాషన్ అంటే పొద్దుగూకేదాకా దమ్ మీదనే ఉండాలె కదా? మా దాదా కాలం నుంచి గంతే."

పెద్దాయన తల పట్టుకున్నాడు. ఆ వెంటనే నవ్వాపుకోలేకపోయాడు.

"గది చాయ్ బిడ్డా! చాయ్ ఎంత మరిగితే గంత మజా. కాఫీని మరిగిస్తే చేదే మిగులుతది. డికాషన్ తియ్యి, వేడి పాలల్ల కలుపు, ఇచ్చెయ్యి. అయిపోతే మళ్ల తియ్యి. ఇంట్ల చేసుకున్నట్టే చెయ్యరాదు?"

ఆఫియాకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. చాయ్ ఖాన్‌దాన్‌లో పుట్టినందుకు ఆ మాత్రం తప్పదు.

మర్నాడు గిన్నె భట్టీ దిగింది. పెద్దాయన ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు.

"ఇగ ఫికర్ లేదు," అన్నాడు.

ఆయన నోటి చలవో ఏమో, కాలేజీ పిల్లలు రావడం మొదలుపెట్టారు. వాళ్ల వెనక లాడ్ బజార్ గాజుల దుకాణాలవాళ్లు వచ్చారు. చాయ్ తప్ప ఇంకోటి ముట్టనివాళ్లు కూడా "జర రుచి చూస్తం" అంటూ మూలకు చేరారు.

గిరాకీ వెంట అనుమానం కూడా వచ్చింది. గల్లీ చివర అద్దాల కెఫే ఒకటి తయారవుతోంది. ఈ పెద్దాయన ఎవరు? అబ్బా ఉన్నప్పుడు ఎందుకు రాడు? పొడి ఎంత వేస్తావు, పాలు ఎక్కడివి అని రోజూ అడుగుతాడు, అదంతా ఆయనకెందుకు?

ఇంత కష్టపడి నిలబెట్టుకున్న మూల చేజారిపోతుందేమోనని ఆఫియాకు భయం పట్టుకుంది. ఆ భయంలోనే నోరు జారింది.

"అంకుల్, నిజం చెప్పుండ్రి. గా కొత్త కెఫేవాళ్లు పంపిండ్రా మిమ్మల్ని? అబ్బా లేని టైం చూసి దొంగలెక్క ఎందుకొస్తుండ్రు?"

పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. ఏదో చెప్పబోయి, గుమ్మం వైపు చూసి ఆగిపోయాడు. కప్పులో మిగిలింది ఆఖరి చుక్క దాకా తాగి లేచాడు.

"కాఫీ మాత్రం గిట్లనే ఉంచు బిడ్డా."

మళ్లీ రాలేదు. దొంగ దొరికాడనే అనుకుంది ఆఫియా. ఖాళీ కుర్చీ చూస్తే మాత్రం మనసు చివుక్కుమనేది.

రంజాన్ రాకముందే వహీద్ ఓడిపోయాడు. ఓడినా ఆయన ఆనందం పట్టడానికి హోటల్ చాలలేదు. వచ్చినవాళ్లందరినీ "మా బిడ్డ కాఫీ తాగినవా?" అని ఆయనే అడుగుతున్నాడు. వచ్చిన చిక్కల్లా చాయ్‌పత్తా మిగిలిపోవడమే.

"బేటీ, అమరనాథ్ సేఠ్ దుకాణానికి పోయి, ఇగ నుంచి పత్తా సగమే పంపుమని చెప్పిరా."

"ఎప్పుడు నువ్వే పోతవు కదా అబ్బా?"

"గందుకే పోలేను. ఈ గల్లీ హోటళ్లన్నిటికి గాయనదే పత్తా. మా అబ్బా కాలం నుంచి తెస్తున్నం. ఇయ్యాల సగం చాలని గాయన మొహం చూసి ఎట్ల చెప్త? లొల్లి పెట్టింది నీ కాఫీ, నువ్వే పో."

మీర్ ఆలం మండి దగ్గరి దుకాణానికి ఆఫియా బిక్కుబిక్కుమంటూ వెళ్లింది. గుమాస్తా రామ్‌చందర్ ఎదురొచ్చి ఏం కావాలన్నాడు.

"వహీద్ భాయ్ బిడ్డను. పత్తా ఇగ నుంచి సగం చాలన్నడు అబ్బా. మా హోటల్ల అందరు కాఫీనే తాగుతుండ్రు. సేఠ్‌ను కోపం చెయ్యొద్దని చెప్పుండ్రి."

లోపలి నుంచి పకపకా నవ్వు వినిపించింది.

రామ్‌చందర్ వెనక్కి తిరిగి నోరెళ్లబెట్టాడు. "బేరం పోయిందంటే మా సేఠ్ నవ్వుడు ఇయ్యాలనే చూస్తున్న!"

ఆఫియా తొంగి చూసింది.

చాయ్‌పత్తా బస్తాల నడుమ గద్దె మీద కూర్చుని, కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వుతున్నది, తను దొంగ అని తరిమేసిన పెద్దాయనే.