నూనె మరకకు చిట్కా

“గోడకి పట్టిన నూనె మరక ఎట్టా పోయిద్దే, మల్లేశ్వరీ?”

షాజాదీ ఆ మాట అడగ్గానే సాజిదా చేతిలోని మిరపకాయ తొడిమ దగ్గర ఊడకుండా మధ్యకి విరిగింది. గింజలన్నీ ఒళ్ళో పడ్డాయి.

గుంటూరు శివారులో మిరపకాయల షెడ్డు అది. ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని, కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తారు. చేతులకంటే నోళ్ళే ఎక్కువ ఆడతాయి. చిట్కాలకూ వేళాకోళాలకూ మల్లేశ్వరే పెద్ద. ఫోన్లో ఏ చిట్కా చూసినా మర్నాడు ఇక్కడ దింపాల్సిందే. అప్పటిదాకా ఉల్లిపాయల సంగతి చెబుతోంది. నోటినిండా నీళ్ళు పట్టి కోస్తే కళ్ళు మండవంట!

“మా అత్తకి చెప్పు ఆ చిట్కా,” అందొక కోడలుపిల్ల. “ఉల్లిపాయలు కోయడం అయిపోయినా నీళ్ళు ఉమ్మొద్దను.”

షెడ్డంతా ఘొల్లుమంది. ఆ నవ్వుల మధ్యలోనే షాజాదీ తన మరక గొడవ ఎత్తింది.

“ఏ గోడకే?” అంది మల్లేశ్వరి.

“మంచం పక్క గోడకి. ఇల్లుగలాయన ఆదివారం అన్ని వాటాలకీ సున్నం కొట్టిస్తన్నాడు. మరకలుంటే ముందే రుద్ది పెట్టమన్నాడు.”

అది ఏ మరకో సాజిదాకు తెలుసు. ఆమె అన్న పీరు తల మరక. పీరు షాజాదీ మొగుడు. ఊళ్ళు తిరిగి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఒంటిమీది దూది నలుసులన్నీ పోయేదాకా స్నానం చేసి, తలకి కారేటట్టు కొబ్బరినూనె రాసుకుని, ఆ గోడకి ఆనుకుని కూర్చునేవాడు. పెళ్ళయిన కాడినుంచీ అదే చోటు. పోయిన వానాకాలం ఊపిరాడక మనిషి పోయాడు. గోడమీద ఆ తల ఆనిన చోటు మిగిలింది. సాజిదా ఎప్పుడు వెళ్ళినా ముందు దానిమీద చెయ్యి పెట్టేది. అన్న పెరట్లోకి వెళ్ళాడు, ఇప్పుడే వచ్చి కూర్చుంటాడు అనిపించేది.

దాన్ని వదిలించుకోవడానికి వదిన చిట్కా అడుగుతోంది! సాజిదా గుండె భగ్గుమంది.

“ఓస్, అదెంత పని!” అంది మల్లేశ్వరి. “సుద్దముక్క మెత్తగా నూరి పట్టించు, నూనె పీల్చుకుంటది. తర్వాత వంటసోడా కలిపిన వేన్నీళ్ళతో బాగా రుద్దు. అప్పుడు సున్నం కొట్టించు.”

“పూర్తిగా పోయిద్దా?”

“ఆనవాలు కూడా ఉండదు.”

“రుద్దకపోతే?”

“అయ్యో రామ! నూనె ఊరుకుంటదా? నాలుగు రోజులు కనపడదంతే. గోడకి ఎండ తగిలిందా, సున్నాన్ని తోసుకుని పైకొచ్చిద్ది. మా వంటింట్లో తాలింపు మరక ఉంది, అచ్చం మా ఆడబిడ్డే. ఎన్నిసార్లు సాగనంపినా పండక్కి ముందే దిగబడిద్ది.”

మళ్ళీ నవ్వులు. షాజాదీ మాత్రం నవ్వలేదు.

“ఖాయంగా వచ్చిద్దా?”

“వచ్చి తీరిద్ది. అందుకే బద్ధకించకుండా రుద్దమంటన్నా. నిన్ను నమ్మలేం, రేపు నేనే తెస్తాలే.”

అన్నట్టే మర్నాడు సుద్దపొడి ఒక కవర్లో, సోడా ఒక కవర్లో గట్టిగా ముళ్ళేసి తెచ్చిచ్చింది. షాజాదీ వాటిని అన్నం క్యారేజీ సంచిలో జాగ్రత్తగా పెట్టుకుంది. ఆ జాగ్రత్త చూసి సాజిదాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రం ఆటోలో ఇక ఉండబట్టలేక అడిగింది.

“రుద్దక తప్పదా వదినా?”

“ఇల్లు మనది కాదుగా సాజిదా.”

“అంతేలే. మనిషే లేనప్పుడు మరకతో నీకేం పని?”

షాజాదీ క్యారేజీ సంచిని ఒళ్ళోకి లాక్కుంది. సాజిదా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మిరపకాయల ఘాటేమోనని ఆటోలో ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం సాజిదా ఆ వైపుకి వెళ్ళలేదు. అన్న ఆనవాలు మీద సున్నం కుంచె తిరగడం చూసే ధైర్యం ఆమెకు లేదు. మర్నాడు షాజాదీ పనికి రాలేదు. మధ్యాహ్నానికి సాజిదా కాళ్ళు కూడా షెడ్డులో ఆగలేదు.

ఇల్లంతా పచ్చి సున్నం వాసన. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. మంచం ఇవతలికి జరిపి ఉంది. ఎప్పుడూ మూసి ఉండే కిటికీ బార్లా తెరిచి ఉంది. షాజాదీ కింద కూర్చుని గోడవైపే చూస్తోంది. ఎండ చురుక్కుమంటోందని సాజిదా కిటికీ మూయబోయింది.

“మూయొద్దమ్మా. గోడమీదికి ఎండ రానీ.”

సాజిదా అన్న తల ఉండే చోట చెయ్యి పెట్టింది. ఆ నూనె నునుపు లేదు. అరచేతికి సున్నం అంటుకుంది, అంతే. ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది.

“మా అన్నని తుడిచేశావా వదినా! చెయ్యెట్టా వచ్చింది నీకు? ఆ మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేశావే! నాకది ఒక్కటేగా మిగిలింది, నన్నొక్క మాట అడగబుద్ధి కాలేదా? ఇంకెక్కడ చూసుకోను మా అన్నని?”

ఏడుస్తూనే గూట్లో ఉన్న మల్లేశ్వరి కవర్లు చూసింది. కసిగా లాగి నేలకేసి కొట్టింది. అవి చిట్లలేదు. ధప్పున పడి షాజాదీ కాళ్ళ దగ్గరికి దొర్లాయి.

షాజాదీ వాటిని తీసుకుని లేచి వచ్చింది. ఆమె కళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. వేసిన ముడి వేసినట్టే ఉన్న కవర్లను ఆడబిడ్డ అరచేతిలో పెట్టింది.

“నేనేదీ రుద్దలేదు, సాజిదా.”